సుద్దగీతల ఇల్లు

మా అక్క కట్టాలనుకున్న ఇళ్ళన్నిట్లోనూ నేను కొన్నాళ్ళు కాపురం ఉన్నాను. ఒకదాంట్లో నా కుర్చీ మెట్ల కింద ఉండేది. ఇంకోదాంట్లో వీధి తలుపు దగ్గరికి వెళ్ళాలంటే గది చుట్టూ తిరిగి వెళ్ళాలి. ఒక్క ఇటుకైనా పేర్చని ఇళ్ళవి. నేల మీద సుద్దముక్కతో గీసినవి. తడిగుడ్డతో తుడిచేశాక కూడా ఆ గోడలు నా కాళ్ళకు చాలాకాలం గుర్తున్నాయి. ఏమీ లేనిచోట పక్కకు తప్పుకుని నడిచేవాణ్ణి.

అక్కది కుట్టుపని. మా వీధి చివర కోర్టు ఉండేది. అక్కడి వకీళ్ళ నల్లకోట్లూ, వాటి మీద తొడుక్కునే నల్లగౌన్లూ అక్క చేతిమీదుగా వెళ్ళేవి. వీధిలో ఆవిడ పేరు కోట్లక్క. కొత్తవాళ్ళెవరైనా "కోట్లక్కగారి ఇల్లు ఇదేనా?" అని అడిగితే, గడపలో నిలబడ్డ మా బావ "ఇదే. పేరు విని ఆశపడకండి, లోపల ఉన్నవి నల్లకోట్లే" అనేవాడు. సిటీబస్సు నడిపి రిటైరైన మనిషి. వచ్చిన ప్రతివాణ్ణీ ఎక్కే ప్రయాణికుడిని చూసినట్టే చూసి, లోపలికి జరగమనేవాడు.

ఇల్లు రైలు పెట్టెలా ఉండేది. ముందుగది, మధ్యగది, వంటిల్లు, ఆ వెనక కాస్త పెరడు, పెరట్లో బాత్రూము. ముందుగదిలో బావ మంచం, నేనూ నా పుస్తకాలూ. మధ్యగదిలో అక్క మిషను. మధ్యగదికి కిటికీ లేదు. పెరటి తలుపులోంచి వచ్చే వెలుతురు వంటిల్లు దాటి, ఆ గది దాకా నడిచివచ్చి, మిషను మీద కూర్చునేది. ఏళ్ళ తరబడి అక్క ఆ వెలుతురుతోనే కుట్టింది. తర్వాత వెనకింటివాళ్ళు మేడ మీద మేడ వేశారు. పెరట్లోకి నీడ దిగింది. వెలుతురు వంటింటి గడప దాకా వచ్చి అక్కడే ఆగిపోవడం మొదలుపెట్టింది, లోపలికి రమ్మని ఎవరూ పిలవని చుట్టంలా.

ఒకరోజు పొద్దున్న అక్క నన్ను పిలిచింది.

"ఒరే, ఇలా రా. ఈ కుట్టు తిన్నగా వచ్చిందో లేదో చూసి చెప్పు."

నల్లగుడ్డ మీద నల్లదారం. వంగి చూశాను. బావిలోకి చూసినట్టుంది.

"నాకేం కనబడ్డం లేదక్కా."

"హమ్మయ్య! నా ఒక్కదానికే అనుకున్నా" అని నవ్వింది. నవ్వు సగంలో ఆగింది. "నీకు కనబడకపోతే పుస్తకం మూస్తావు. నేను మిషనే మూసెయ్యాలిరా."

కళ్ళడాక్టరు దగ్గరికి అప్పటికే ఒక్కతే వెళ్ళివచ్చిందని అప్పుడు తెలిసింది. అద్దాలు మార్చి చూశాడట. ఇంతకంటే చెయ్యడానికేమీ లేదు, మంచి వెలుతురు ఉంటే పని చేసుకోవచ్చు, లేకపోతే మానెయ్యండి అన్నాడట. బల్బు కింద కుడదామంటే సూది నీడ సూదికి ముందే నడుస్తుంది. ముందుగది పడమటి ముఖం. ఆ ఎండలో నల్లబట్ట మెరిసి కళ్ళల్లోకి కొడుతుంది. ఇక మిగిలింది మధ్యగదికి ఉత్తరాన ఉన్న గోడ. గోడ అవతల సందు. సందు పైన ఆకాశం. ఆ వైపు ఎండ రాదు, వెలుతురు మాత్రం పొద్దున్నించి సాయంత్రం దాకా నిలకడగా ఉంటుంది. మిషను పక్కనే ఆ గోడకి ఒక కిటికీ. అంతే కావలసింది.

"మరి అందరికీ చెప్పరాదూ?"

"ఏమని? నాకు కళ్ళు ఆనడం లేదనా? అమ్మాయి చెవిన పడిందంటే సాయంత్రానికల్లా మిషను అటకెక్కుతుంది. 'ఇంక చాలమ్మా, విశ్రాంతి తీసుకో' అనడానికి అది ఎప్పట్నించో కాచుక్కూర్చుంది."

"తీసుకుంటే ఏమైంది?"

"తీసుకుని ఎక్కడ పెట్టుకోనురా?" అంది. "నువ్వు నోరు జారావంటే ముందు నీ పుస్తకాల అలమరా వీధిలో ఉంటుంది, ఏమనుకున్నావో."

బావకి రిటైరైనప్పుడు రావలసిన సొమ్ము అప్పుడే చేతికొచ్చింది. ఇల్లు బాగుచేయించాలన్న మాట ఇంట్లో తిరుగుతోంది. ఆ సొమ్ముతో అన్నీ చెయ్యలేమని అందరికీ తెలుసు. ఏది ముందు, ఏది తర్వాత, ఏది ఎప్పటికీ కాదు అన్నది తేలాలి.

సెలవురోజున అమ్మాయీ అల్లుడూ వచ్చారు. వాళ్ళుండేది నాలుగు వీధుల అవతల. అల్లుడు ఇళ్ళు అమ్మిపెట్టే ఆఫీసులో పని చేసేవాడు. ఎవరింటికి వెళ్ళినా ముందు పైకప్పు వైపు చూసి, ఆ తర్వాత మనుషుల్ని పలకరించేవాడు. మాటకి ముందొకసారి, వెనకొకసారి 'విలువ' అనేవాడు. బావ అతనికి విలువగారని పేరు పెట్టాడు. మంచివాడు. పేరుకి కోపం తెచ్చుకోకపోగా, ఫోన్లో "నేను, విలువని" అనేవాడు.

"అత్తయ్యా, ఇంటికి మనం చేసేవి రెండు రకాలు" అన్నాడు. "మనకి సుఖం పెంచేవి, ఇంటికి విలువ పెంచేవి. ముందు రెండో రకం చూసుకోవాలి. వీధిలోంచి చూసేవాడికి చూడగానే ఇల్లు నచ్చాలి. వరండా, గేటు, గోడలకి రంగు. అక్కడ మొదలుపెడదాం."

"చూసేవాడు చూసి పోతాడు" అన్నాడు బావ. "వెనక బాత్రూంలో జారిపడేది నేను. నా మోకాళ్ళకి ఎత్తు సీటు కావాలి, పట్టుకోడానికి కమ్మీ కావాలి."

"పైన ఒక గది వేద్దాం నాన్నా, అద్దెకిచ్చుకోవచ్చు" అంది అమ్మాయి. "అమ్మకి ఈ చాకిరీ తప్పుతుంది."

అక్క దారం కొరికి, అందరి వైపూ చూసింది.

"మాటల్తో ఇల్లు తేలదు. తొడిగి చూద్దాం" అంది.

ఆవిడ పద్ధతే అది. ఏ కోటునీ తిన్నగా కుట్టెయ్యదు. పొడుగు కుట్లతో వదులుగా అతికి, ముందు తొడిగి చూస్తుంది. తొడిగించి ఊరుకోదు, వకీలుని వాదించమంటుంది. "చెయ్యెత్తి మాట్లాడండి బాబూ. కోర్టులో ఇలా బిగదీసుకుని నిలబడతారా?" అంటుంది. వాళ్ళు సిగ్గుపడుతూ మొదలుపెట్టి, కాసేపటికి ఒళ్ళు మరిచిపోయి, మధ్యగదిలో నిలబడి మిషనుకి తమ వాదన వినిపించేవాళ్ళు. చంక దగ్గర ఎక్కడ పట్టేస్తోందో అక్క చూసుకునేది. కేసు ఎవరు గెలిచేదీ ఆ చంకలోనే తెలిసిపోతుందనేవాడు బావ.

ఇంటికీ అదే చేసింది. ఒక సుద్దముక్కా, టేపూ పట్టుకుని ముందుగదిలో మోకాళ్ళ మీద కూర్చుంది. మేడగది వేస్తే మెట్లు ఎక్కడ మొదలవుతాయో, ఎక్కడ తిరుగుతాయో ఉన్నంత కొలతకి గీసింది. ఆవిడ చెయ్యి ఒక గీత గీస్తే చాలు, దాని వెలుపల ఇంకో గీత దానంతటదే గీసేది. గుడ్డ మీద లోపలిది కుట్టు పడే గీత, బయటిది కత్తెర పడే గీత. రెండింటి మధ్యా మిగిలే గుడ్డ లోపల దాగి ఉంటుంది. వకీళ్ళకి అది కాస్త ఎక్కువే వదలాలి. కేసులు పెరిగేకొద్దీ నడుము పెరుగుతుంది, ఆ రోజు గుడ్డ బయటికి తియ్యాలి. నేల మీద సుద్దకి ఆ అవసరం ఏముంది? అయినా ఇంట్లో ప్రతి గోడకీ రెండేసి గీతలు. లోపలి గీతే లెక్క అని మాకందరికీ తెలుసు.

"ఈ గీతలు కొన్నాళ్ళు ఇలాగే ఉంటాయి" అంది. "మెట్లున్నచోట ఎవరూ నడవకూడదు. నడిస్తే తల పగిలినట్టు లెక్క."

అలా మొదలైంది ఆ కాలం. ఇప్పుడు తలుచుకుంటే కలకీ దానికీ మధ్య గోడ ఎక్కడుందో చెప్పలేను. నా కుర్చీ మెట్ల కిందకి వెళ్ళింది. మధ్యాహ్నాలు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కునుకు తీస్తుంటే, నెత్తి మీద ఎవరో మెట్లెక్కుతున్నట్టుండేది. చెప్పులు విడిచి, అలికిడి కాకుండా, ఆలస్యంగా వచ్చినవాళ్ళు ఎక్కినట్టు. కళ్ళు తెరిస్తే పైన సున్నం కొట్టిన కప్పే. మళ్ళీ మూస్తే మళ్ళీ మెట్లే. పడమటి ఎండ లోపలికి వచ్చి తెల్లగీతల మీద పాకుతుంటే, లేని మెట్లకి నీడ పడుతోందేమో అనిపించేది.

అద్దెకుండబోయే మనిషి కూడా అలాగే ఇంట్లోకి వచ్చేశాడు. ముందు బావ అతన్ని 'పైవాడు' అన్నాడు. తర్వాత పైవాడికి నీళ్ళు ఎక్కడ పట్టించాలన్న మాట వచ్చింది. ఆ తర్వాత పైవాడు గట్టిగా దగ్గుతాడని తేలింది.

"ఎవడు దగ్గుతాడు నాన్నా? మనిషే లేడు!" అంది అమ్మాయి.

"లేనప్పుడే ఇంత దగ్గితే, వచ్చాక ఎంత దగ్గుతాడో!" అన్నాడు బావ. "పైగా రోజూ నా మంచం పక్కనించే ఎక్కాలి. పలకరిస్తే ఒక తంటా, పలకరించకపోతే ఇంకో తంటా."

మెట్లు గదిని సగం మింగేశాయని అమ్మాయికి తనే తిరిగి చూశాక తెలిసింది. పుట్టింటికి వచ్చి కూర్చోవడానికి చోటెక్కడా అని వెతుక్కుంది. చివరికి సుద్దమెట్టు అంచున కూర్చుని టీ తాగింది. అటు తర్వాత తనే తడిగుడ్డ తెచ్చింది. పైవాడు సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు. ఒకటి రెండు రోజులు బావ బెంగగా కనిపించాడు కూడా.

వరండా గీత గడప బయట పడింది. కూరగాయల బండివాడు రోజూ అందులోనే బండి నిలిపేవాడు. దారిన పోయేవాళ్ళు కొందరు గీత చుట్టూ తిరిగి వెళ్ళేవాళ్ళు, కొందరు లోపలికి వచ్చి, ఎందుకు వచ్చామా అన్నట్టు కాసేపు నిలబడి వెళ్ళేవాళ్ళు. అల్లుడు సెలవుపూట కుర్చీ తెచ్చుకుని వరండాలో కూర్చున్నాడు. ఎదురెండకి చొక్కా తడిసిపోయింది.

"వరండాకి కప్పుంటుంది కదా అత్తయ్యా!"

"ఊహించుకోండి అల్లుడుగారూ. మేమంతా మెట్లు ఊహించుకుని తిరగలేదూ?"

అయితే ఒక మాట. వరండా బాగుంది. గీతల్లో ఉండగానే ఇల్లు ముందుకి ఒక అడుగు వేసి, వచ్చినవాళ్ళని పలకరిస్తున్నట్టు అనిపించింది. అక్క ఎదురింటి గడపలో నిలబడి, తల ఒకవైపుకి వంచి, ట్రయలు కోటుని చూసినట్టు చాలాసేపు చూసింది. తిరిగివచ్చి, "బాగానే కూర్చుంది" అంది. అబద్ధం ఆడడం ఆవిడకి చేతకాదు. ఆ మాట అన్నాక మధ్యగదిలోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

నాకు దిగులేసింది. అప్పటికే అక్క రెండు గౌన్లు కుట్టకుండా తిప్పి పంపింది. మిషను బాగులేదని ఒకరికి, చెయ్యి నొప్పని ఇంకొకరికి చెప్పింది. మూడో వకీలు కుట్టిన గౌను తిరిగి పట్టుకొచ్చాడు. వీపు మీద కుచ్చుల దగ్గర కుట్టు గీత తప్పి పక్కకి పోయింది. అతను ఏమీ అనలేదు. "కాస్త చూడండమ్మా" అని అక్కడ పెట్టి వెళ్ళాడు. ఏదైనా అనుంటే బాగుండునని అక్క ఆ పూటంతా గొణుక్కుంది.

ఏది ముందన్నది సగం తేలింది. వంటింటి కప్పు ఒక మూల కారుతోంది. "అస్తరు చిరిగిన కోటుకి కొత్త బొత్తాలెందుకు? ముందు కప్పు" అంది అక్క. తర్వాత బావ బాత్రూము. పడితే లేవలేని మనిషికి దాని తర్వాతే ఏదైనా. అల్లుడు కూడా కాదనలేదు. "కారే కప్పు కింద ఏ విలువా నిలవదు" అన్నాడు. ఆ రెండూ పోగా ఇంకొక్క పనికి సరిపోయేది మిగులుతుంది.

అప్పుడు అక్క లేచి, మధ్యగదిలో ఉత్తరపు గోడ మీద, మిషను పక్కన, కిటికీ గీసింది. నిలువుగా రెండు రెక్కలు, అడ్డంగా ఊచలు, మామూలుగానే చుట్టూ రెండో గీత.

బావ రోజూ పొద్దున్నే వెళ్ళి రెక్కలు తెరిచినట్టు చేతులు చాపేవాడు. "అబ్బ, ఏం గాలి! ఏమోయ్ బావమరిదీ, కాగితాలు ఎగిరిపోతాయి, జాగ్రత్త!" అనేవాడు. నేను నిజంగానే పుస్తకం మీద చెయ్యి పెట్టేవాణ్ణి. ఆ గోడ దగ్గరికి వెళ్తే చల్లగా ఉన్నట్టే ఉండేది. తెల్లటి గీతల మధ్య గోడ రంగు మిగతా గోడకంటే ఒక వీసం పల్చగా, అవతలి వెలుగు ఇవతలికి ఊరుతున్నట్టు కనిపించేది. అక్క మాత్రం దాని వైపు చూసేది కాదు. దానికి వీపు తిప్పి కూర్చుని, పాత కోట్ల బొత్తాలు విప్పుతూ ఉండేది.

అల్లుడు చూసి పెదవి విరిచాడు. "సందులోకి కిటికీనా అత్తయ్యా? ఎవరు చూస్తారు?"

"ఎవరూ చూడక్కర్లేదు బాబూ. గాలి వస్తుంది."

"గాలికి విలువేముంది? ఫ్యాను పెట్టిస్తా."

"నువ్వన్నీ బయటినించే చూస్తావయ్యా విలువా" అన్నాడు బావ. "పద్ధతంటే పద్ధతే. వరండాలో కూర్చుని చూశావుగా? దీని దగ్గర కూడా కూర్చో."

అల్లుడు నవ్వుతూ వెళ్ళి అక్క స్టూలు మీద కూర్చున్నాడు. కిటికీ వైపు తిరిగి ఊపిరి పీల్చినట్టు నటించాడు. తర్వాత ఊరికే ఉండలేక, మిషను మీద ఉన్న గౌను చేత్తో తీశాడు. దాన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు. ఇంకా దగ్గరికి తెచ్చుకున్నాడు. లైటు వేశాడు. మళ్ళీ చూశాడు. విప్పేసిన కుట్ల రంధ్రాలు వేలికి తగిలినట్టున్నాయి, అక్కడే వేలితో తడుముతూ ఉండిపోయాడు. తిరిగి కుట్టి మళ్ళీ విప్పేసిన జాడ కూడా ఉండి ఉంటుంది. వంటింటి గడపలో అక్క టీ గ్లాసుతో నిలబడి ఉంది.

"అత్తయ్యా, ఈ చీకట్లో మీరు..."

"టీ చల్లారిపోతోంది బాబూ" అంది అక్క.

అతను గౌను మడిచి, ఎలా ఉన్నది అలా పెట్టాడు. అక్క కళ్ళలోకి ఒకసారి చూసి టీ అందుకున్నాడు. ముందుగదిలోంచి అంతా చూసిన నేను పేజీ తిప్పాను. ఏ పుస్తకమో ఇప్పుడు గుర్తులేదు.

మరుసటి సెలవురోజున అందరూ ఉండగా అల్లుడు గొంతు సవరించుకున్నాడు.

"కిటికీ లేని గదిని మా ఆఫీసులో గది అనం. సామాన్ల కొట్టు అంటాం. ఇప్పుడీ ఇంట్లో ఉన్నవి ఒక గది, ఒక వంటిల్లు, మధ్యలో ఒక కొట్టు. ఒక్క కిటికీ పెడితే కొట్టు గదైపోతుంది. వరండా వల్ల ఉన్న ఇల్లు అందంగా కనబడుతుంది, అంతే. కిటికీ వల్ల ఇంట్లో ఒక గది పెరుగుతుంది. విలువ అంటే అదీ."

"నిన్నమొన్నటిదాకా వరండా వరండా అని ప్రాణం తీశారు?" అంది అమ్మాయి.

"అప్పుడు సరిగ్గా చూడలేదు."

"విలువగారు చూడలేదని ఒప్పుకున్నారు! ఈ పూట గుర్తుపెట్టుకోండి" అన్నాడు బావ.

అక్క తలెత్తలేదు. చేతిలో ఉన్న బొత్తాన్ని అటూ ఇటూ తిప్పుతూ, "సరే, ఆయన అంతగా చెబుతున్నప్పుడు..." అంది. అంతకంటే పెద్ద నటన ఆవిడ జీవితంలో ఎన్నడూ చెయ్యలేదు.

మేస్త్రి వచ్చాడు. కప్పు అతికాడు, బాత్రూము కట్టాడు. పాత ఇల్లొకటి పడగొడుతుంటే బావ వెళ్ళి మంచి కర్ర కిటికీ ఒకటి కొని రిక్షాలో వేయించుకొచ్చాడు. అక్క దాన్ని టేపుతో కొలిచి, గోడ మీద లోపలి గీతని దానికి సరిపడా దిద్దింది. గోడ కొట్టే రోజు పొద్దున్నే ఆవిడ కోర్టుకి వెళ్ళాల్సి వచ్చింది. కుచ్చుల గౌను ఇంకొన్నాళ్ళు పడుతుందని ఆ వకీలుకి తనే చెప్పుకోవాలి. "గీత గీసి ఉంది, దాని ప్రకారం కొట్టండి" అని మేస్త్రికి చెప్పి వెళ్ళింది. బావ దగ్గరుండి చూసుకోవాలి. కానీ కొత్త బాత్రూము కట్టాక బావ ఎప్పుడు ఎక్కడుంటాడో అందరికీ తెలిసిందే. ఎత్తు సీటు, పట్టుకోడానికి కమ్మీ. లోపలికి వెళ్ళాడంటే టెర్మినస్‌లో బస్సు ఆపినట్టే.

నేను ముందుగదిలో చదువుకుంటున్నాను. సుత్తిదెబ్బలు వినబడుతున్నాయి. ఒక ఇటుక అవతలికి పడింది. అప్పుడు, ఎవరో నిద్రలో కళ్ళు తెరిచినట్టు, మధ్యగది తెరుచుకుంది. ఆ వెలుతురు గుమ్మం దాటి నా దాకా వచ్చింది. అక్షరాల అంచులు పదునెక్కాయి. దుమ్ములో వెలుగు నెమ్మదిగా తిరుగుతోంది, పాలు నీళ్ళలో కలిసేటప్పటిలా. లేచి వెళ్ళాలని తోచలేదు. దెబ్బలు ఆగినా చాలాసేపు అలాగే కూర్చున్నాను.

అక్క తిరిగివచ్చి అరిచిన అరుపుతో మెలకువ వచ్చినట్టయింది.

"ఇదేమిటి మేస్త్రీ, గోడంతా తీసేశావ్!"

"గీత మీద కొట్టమన్నారు, కొట్టానమ్మా."

"ఏ గీత?"

"పెద్ద గీత. లోపల ఇంకోటుంది, అది సోకు కోసం గీశారేమో అనుకున్నా."

కోతగీత మీద కొట్టేశాడు. నాలుగు వైపులా జానెడేసి ఎక్కువ. బావ కొన్న కిటికీని ఆ కన్నంలో నిలబెడితే తాత కోటులో మనవణ్ణి నిలబెట్టినట్టుంది. అప్పుడే లోపలికి వచ్చిన బావ, "నేను ఒక్క నిమిషం అటు వెళ్ళానంతే" అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. అమ్మాయీ అల్లుడూ కూడా పని చూడ్డానికి వచ్చారు.

"దిగులెందుకమ్మా?" అన్నాడు మేస్త్రి. "చుట్టూ ఇటుక కట్టి మీ లోపలి గీత దగ్గరికి తెచ్చేస్తా. రేపటికల్లా సరి."

"ఉండు" అంది అక్క. "తొడిగి చూద్దాం."

నల్లగుడ్డల మూట విప్పింది. కన్నానికి నాలుగు వైపులా మేకులు కొట్టించి, గుడ్డలు అడ్డం కట్టి, వెలుతురుని లోపలి గీత అంత చేసింది. కుచ్చుల గౌను మిషను మీద పరిచి, కూర్చుని, తల వంచింది. సూది కింద గుడ్డ కదిలింది. ఆగింది. మళ్ళీ కదిలింది. అక్క అద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. పెట్టుకుంది. కొంచెం కుట్టి, వేలితో తడిమి, విప్పేసింది. ఇన్నాళ్ళూ అందరి చేతా నడిపించిన ఆశ, గీసిన కొలతలో చాలకుండా పోయింది.

లేచింది. ఒక్కొక్క గుడ్డే ఊడలాగింది. ఆకాశం ఆ మేరకి లోపలికి వచ్చింది. చివరి గుడ్డ కిందపడ్డాక మళ్ళీ కూర్చుంది. ఈసారి మిషను చప్పుడు ఆగలేదు. వాన పట్టినట్టు, ఒకే ధారగా, కుచ్చు చివరిదాకా వెళ్ళింది. మేస్త్రి సుత్తి కింద పెట్టేశాడు.

"కనిపిస్తోంది" అంది అక్క. ఎవరితో అన్నదీ ఆవిడకే తెలియదు. "ఇప్పుడు కనిపిస్తోంది."

"ఇప్పుడా?" అంది అమ్మాయి. "అంటే ఇందాక కనిపించలేదా? అమ్మా, అసలు ఎప్పట్నించి కనిపించడం లేదు?"

అల్లుడు అలవాటు ప్రకారం పైకప్పు చూశాడు. నేను మేస్త్రిని చూశాను.

"మీకందరికీ తెలుసన్నమాట!" అంది అమ్మాయి.

"నాకు తెలీదు" అన్నాడు బావ. "నాకెవరూ ఏమీ చెప్పరు."

అమ్మాయి వచ్చి గౌను అందుకుని, ఆ పెద్ద కన్నం దగ్గరికి తీసుకెళ్ళింది. కుట్టు మీద కళ్ళు పెట్టి మొదటినించి చివరిదాకా వెళ్ళింది. పొరపాటు కోసం వెతుకుతోందని తెలుస్తూనే ఉంది. అక్క కళ్ళు కూతురి వేలి వెంటే నడిచాయి.

"ఇన్నాళ్ళూ చీకట్లో కుట్టావు. నాకు చెప్పలేదు" అంది అమ్మాయి.

"చెబితే మిషను అటకెక్కించేదానివి."

"ఎక్కించేదాన్నే."

"మరి ఇప్పుడు?"

అమ్మాయి గౌను నెమ్మదిగా మడిచింది. మడత మీద మడత సరిగ్గా కూర్చోబెట్టింది, చిన్నప్పుడు అక్క నేర్పినట్టే.

"అటక మీద చోటెక్కడుంది? పాత బాత్రూం తలుపు ఎక్కించారుగా నాన్న" అంది. ఆ తర్వాత గొంతు మార్చి, "కానీ ఒక్క మాట. వెలుతురు ఉన్నంతసేపే. వెలుతురు పోయాక మిషను చప్పుడు వినిపించిందా, నాలుగు వీధులు దాటి వచ్చి మరీ ఎత్తుకుపోతా" అంది.

"సరేలేవే" అంది అక్క. ఇంకేదో అనబోయి, చేతిలో లేని దారం కొరికినట్టు పళ్ళు బిగించింది.

"మేస్త్రీ, దీనికి సరిపడే కిటికీ ఎక్కడ చేస్తారు?" అని అమ్మాయి అడిగింది. పెద్ద కిటికీ, పైన బరువు మొయ్యడానికి పొడుగు రాతిపలక. దాంతో, మిగిలిన చిల్లరతో అవుతాయనుకున్న గేటూ రంగూ కూడా ఎగిరిపోతాయని అల్లుడు మనసులో లెక్క కట్టుకుంటున్నాడు. బావ అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"విలువగారూ, వరండా?"

"ఎక్కడికి పోతుంది మావయ్యా, వీధిలోనేగా ఉంటుంది" అన్నాడు.

చిన్న కిటికీని మేస్త్రి కొనుక్కున్నాడు. పెద్దది వచ్చాక ఇల్లు ఆ వైపుకి తిరిగి కూర్చున్నట్టయింది. వకీళ్ళు వీధి తలుపు మరిచిపోయి సందులోకి రావడం మొదలుపెట్టారు. వెడల్పాటి కిటికీ అరుగు మీద గుడ్డ పరిచి, సందులో నిలబడే చెయ్యెత్తి వాదించేవాళ్ళు. లోపల ఆ వెలుతురులో అక్క తల వంచుకుని ఉండేది. చేతులు గుడ్డ మీద కదులుతుంటే నీటి అడుగున కదులుతున్నట్టు, తొందర లేకుండా, చప్పుడు దూరం నుంచి వస్తున్నట్టు ఉండేది. సాయంత్రం సందులో వెలుతురు పల్చబడగానే, కుట్టు ఎక్కడుంటే అక్కడ సూది ఆపేది. మబ్బు పట్టిన రోజున నల్లగుడ్డ జోలికే పోయేది కాదు. అలా కుట్టవలసినవి సగానికి సగం తగ్గాయి. ఆ సగం మాత్రం తిరిగి రాలేదు.

మొన్నామధ్య ఒక కుర్ర వకీలు కిటికీ దగ్గర నిలబడి తొందరపెడుతున్నాడు. మొదటి కేసట.

"రేపు సాయంత్రానికి తప్పకుండా ఇవ్వాలమ్మా."

అక్క అద్దాలు నుదుటి మీదకి నెట్టి, అతని తల పైనించి సందు మీది ఆకాశాన్ని చూసింది. ఒక చివర నుంచి ఇంకో చివర దాకా, తీరిగ్గా.

"రేపు మబ్బు లేకపోతే ఇస్తా."

"ఉంటే?"

"ఉంటే ఎల్లుండి" అంది. గుడ్డ అందుకుని, "ఏదీ, చెయ్యెత్తు నాయనా" అంది.